పొదుపు గ్రూపు ఉండంగ ఇంకో సంఘం ఎందుకు? కూరగాయలమ్మే అమ్మ గురించి అడిగిన చెల్లెకు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నల్లగొండలో మీ అమ్మ, పిన్ని బజార్లో కూరగాయలు అమ్ముతరు. అదే వరుసలో ఇంకో ఇరవై ముప్పై మంది ఆడవాళ్ళు కూర్చుంటరు. ఈ మధ్య ఒకాయన వచ్చి "సంఘం పెట్టుకోండి, నేను రిజిస్టర్ చేయిస్త, మనిషికి ఐదువందలు కట్టండి" అంటుండు. అమ్మకు పొదుపు గ్రూపు ముందే ఉన్నది, వారం వారం కట్టే ఫైనాన్స్ గ్రూపు కూడా ఉన్నది. "ఇన్ని గ్రూపులుండంగ ఇంకో దాంతో ఏం ఒరుగుతది? నిజంగ లాభం ఉంటదా?" అని మీ ప్రశ్న.

ఇరవై రెండేండ్ల నుంచి నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల దిక్కు కూలి ఆడవాళ్ళతోని, బజార్లో అమ్ముకునేటోళ్ళతోని పని చేస్తున్న. నిలబడిన సంఘాలు చూసిన, నా చేతుల మీదనే కూలిపోయినవీ ఉన్నయి. కాబట్టి ముందు జవాబు చెప్పేస్త, తర్వాత కథలు.

లాభం ఉన్నది. ఎప్పుడంటే, ఆ సంఘం ఎదుట ఒక మనిషిని కూర్చోబెట్టి ఒక్క విషయం తేల్చుకున్నప్పుడు. రేటో, తూకమో, కూర్చునే జాగనో, పైసలిచ్చే తారీఖో, ఏదో ఒకటి. ఎవరితో ఏం తేల్చుకోవాలో తెలియకుండ పెట్టిన సంఘం ఆర్నెల్లకు బ్యానర్ మీద మిగులుతది. ఆయనకు ఐదువందలు ఇప్పుడే ఇయ్యకండి, ఎందుకో కింద చెప్త.

మొదట ఈ గ్రూపుల గోల విప్పుకుందాం. మన దిక్కు "సంఘం" అనే మాట ఒక్కటే, దాని కింద రకరకాల సరుకు ఉంటది.

మీ అమ్మ పొదుపు సంఘం ఒక రకం. పది పదిహేను మంది, నెలనెలా పొదుపు, లోపల లోపల అప్పులు, ఆ తర్వాత బ్యాంకు లోను. డ్వాక్రా అన్నరు, వెలుగు అన్నరు, ఐకేపీ అన్నరు, పట్నంలోనైతే మెప్మా. 2011లో ఈ సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి కూడా వచ్చింది. నేను దీన్ని తక్కువ చేసి మాట్లాడ. బజార్లో కూర్చునే మనిషికి పొద్దుగాల మూడు వేల పెట్టుబడి కావాలె, ఆ మూడు వేల కోసం గిరిగిరి వడ్డీ వాడి దగ్గరికి పోయిన రోజులు మీ అమ్మనడిగితే చెప్తది. తొమ్మిది వేలు చేతిలో పెట్టి, రోజుకు నూరు చొప్పున నూరు రోజులు, మొత్తం పది వేలు వసూలు చేస్తడు. వినడానికి "వెయ్యి రూపాయలే కదా" అనిపిస్తది. కానీ అసలు రోజురోజుకు తగ్గుకుంట పోతుంటది కాబట్టి, సరిగ్గ లెక్కేస్తే ఏడాదికి నూటికి డెబ్భై ఐదు, ఎనభై దాకా పడ్తది. బ్యాంకు లోను వడ్డీ దాని దరిదాపుల్లో ఉండదు. ఈ ఒక్క కారణానికే పొదుపు సంఘాన్ని ఎవరూ వదులుకోవద్దు.

అయితే అది అప్పు ఖరీదు తగ్గిస్తది, అంతవరకే. మున్సిపాలిటోళ్ళు టమాట గంపను జప్తు చేసి ట్రాక్టర్ ఎక్కించినప్పుడు అది నోరు తెరవదు. తప్పు దానిది కాదు, దాని కూర్పే అట్లాంటిది. మీ అమ్మ గ్రూపులో కుట్టుమిషనామె ఉంటది, అంగన్‌వాడీ ఆయమ్మ ఉంటది, ఇంటి పట్టున ఉండేటామె ఉంటది. గల్లీ ఒకటి, పని వేరు. తైబజారు, అంటే బజార్లో కూర్చున్నందుకు మున్సిపాలిటీకి కట్టే రుసుము, వసూలు చేసేటోడు ఎక్కువ గుంజితే కుట్టుమిషనామెకు ఏం పట్టె?

ఇక వారం ఫైనాన్స్ గ్రూపు. దాన్ని సంఘం అనుడు నాకు గిట్టదు. ఒకరి కిస్తీకి నలుగురు జమానతు పడుడు అది. కట్టనామె ఇంటి ముందర తోటి ఆడవాళ్ళే కూర్చునే ఏర్పాటు. 2010లో ఆ వసూళ్ళు భరించలేక ఊర్లు అల్లకల్లోలమైనయి. అదే ఏడాది అక్టోబర్‌లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, వారం వసూళ్ళు బందు పెట్టి, నెలకోసారే కట్టించుకోవాలన్నది. ఆ రోజులు చూసిన ఆడవాళ్ళు "గ్రూపు" అనంగనే జంకుతరు. మీ వరుసలో ఎవరన్న నాకొద్దంటే ఆమెను పిరికిది అనకండి. ఆమెకు కాలిన గుర్తు ఉండొచ్చు.

పాత పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో ఇంకో రకం కూడా ఉండె. 1993లో ఆడవాళ్ళ చదువు, చైతన్యం కోసం సర్కారు పెట్టిన మహిళా సమత మొదలైంది మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనే. అక్కడ పైసల మాట లేకుండ, రాత్రి పని తీరినంక ఆడవాళ్ళు కూర్చుని మాట్లాడుకునేది. కూలి, చదువు, మొగుడి తాగుడు, జోగిని వ్యవహారం, అన్నీ. లోను ఇయ్యని సంఘానికి ఎవరొస్తరు అని మేం కుర్రతనంలో నవ్వుకున్నం. తర్వాత్తర్వాత నేను ఏ ఊర్లో కూలి సంఘం పెట్టబోయినా, మైకు ముందర బెదరకుండ మాట్లాడే ఆడమనిషి కనిపిస్తే, సగం సార్లు ఆమె అట్ల కూర్చుని మాట్లాడుడు నేర్చుకున్నామెనే.

మీకు కావలసింది నాలుగోది, ఒకే పని చేసేటోళ్ళ సంఘం. ఎదుటివాడు ఒకడే, అందరి కష్టం ఒకటే.

నల్లగొండోళ్ళకు ఈ మాట కొత్తది కూడా కాదు. దొర గుంజుకోబోయిన చాకలి ఐలమ్మ పంట ఇంటికి చేరింది సంఘం మనుషులు కాపలా ఉండి కోసి మోసినందుకే. ఆమె ధైర్యం గురించి అందరం చెప్పుకుంటం, ఆ రోజు కొడవలి పట్టినోళ్ళు ఎంతమందో ఎవరం చెప్పుకోం. సరే, అది పక్కకు.

ఇప్పుడు మీ అమ్మ పనికి దగ్గరగా ఉన్న కేసు చెప్త.

ఒక మున్సిపాలిటీ, పేరొద్దు. పెద్దమనిషి ఎవరో వస్తున్నరని రోడ్డు ఖాళీ చేయించిన్రు. పొద్దుగాల ఏడున్నరకు ట్రాక్టర్ వచ్చింది. పందొమ్మిది మంది ఆడవాళ్ళ గంపలు, కాంటాలు, బాట్లు, గొడుగులు అన్నీ ఎక్కించిన్రు. అంతకుముందు ఇట్లైనప్పుడల్లా ఒక్కొక్కతి పోయి, బతిమాలి, మూడువందలో ఐదువందలో చేతిలో పెట్టి సాయంత్రానికి కాంటా తెచ్చుకునేది. కొత్తిమీర అప్పటికే చెత్త. ఎవరెంత ఇచ్చిందో పక్కామెకు చెప్పకపోయేది. సిగ్గు ఒకటి, ఆమె తక్కువిచ్చి నేను ఎక్కువిచ్చిన్నేమో అన్న అనుమానం ఒకటి.

ఆసారి అందరం కలిసి పోయినం. "మేము కడు నిరుపేదలం, తమరు దయతలచి" అని దరఖాస్తు రాసుకపోయినం. లోపలాయన చదివి, "సరే చూస్తం" అని పక్కన పెట్టిండు. అయిపోయింది. ఆ తప్పు నాదే, ఆ కాయితం రాసింది నేను.

నాలుగు నెలలకు మళ్ళా ఎత్తిన్రు. ఈలోపల ఒక వకీలు దగ్గర కూర్చుని 2014 వీధి వ్యాపారుల చట్టం చదువుకున్నం. జాగ ఖాళీ చేయించాలంటే ముప్పై రోజుల నోటీసు ఇయ్యాలె. సరుకు జప్తు చేస్తే జాబితా రాసియ్యాలె. పాడయ్యే సరుకైతే అడిగిన రోజే, పాడుగాని సరుకైతే రెండు పనిదినాల్లో వాపసియ్యాలె. ఈసారి కాయితంలో దయ మాట లేదు. పందొమ్మిది పేర్లు, ఎవరిది ఏ కూరగాయ ఎన్ని కిలోలు, ఎత్తిన టైము, కింద దస్కత్తులు, ఏలిముద్రలు. రుసుము ఉంటే కడతం, రసీదు కావాలన్నం. మధ్యాహ్నం రెండింటికి సరుకు చేతికొచ్చింది. పాలకూర పోయింది, టమాట మిగిలింది.

లెక్కేస్తే ఆ రోజు మనిషికి దక్కింది ఏడెనిమిది వందలు. కానీ ఆ తర్వాత ఏడాదిన్నర దాకా ట్రాక్టర్ ఆ వరుసకు రాలే. ఆ రాకపోవుడు ఎంత విలువో ఏ పుస్తకంలోనూ రాసిలేదు. సంఘంతో ఏం ఒరిగిందని అడిగేటోళ్ళకు చూపించడానికి ఇదే చిక్కు. దక్కిన పైసలు కనిపిస్తయి, పోకుండ ఆగిన పైసలు కనిపించవు.

తైబజారు సంగతి కూడా అట్లనే తేలింది. రసీదు మీద పది ఉంటే ముప్పై గుంజేటోడు. "రసీదు మీదున్నదే ఇస్తం" అని ఒక్కామె అంటే గంపను కాలుతోటి నెట్టిండు. వరుస మొత్తం అన్ననాడు గొణుక్కుంట పదే తీసుకపోయిండు. మూడో రోజు ఇద్దరు ముగ్గురు భయపడి మళ్ళా ముప్పై ఇచ్చిన్రు. వాళ్ళను తిట్టుడు పెట్టలే, వాళ్ళకు రెండు పక్కలా గట్టిగ మాట్లాడే ఇద్దర్ని కూర్చోబెట్టినం. జాగలు మార్చుకునుడు కూడా సంఘం పనే.

కాయితం సంగతి. అదే చట్టం కింద టౌన్ వెండింగ్ కమిటీ ఉంటది. మున్సిపల్ కమిషనర్ అధ్యక్షుడు. సభ్యుల్లో నూటికి నలభై మందికి తక్కువ కాకుండ వీధి వ్యాపారులే ఉండాలె, వాళ్ళను వ్యాపారులే ఎన్నుకోవాలె, అందులో మూడో వంతు ఆడవాళ్ళుండాలె. ఎవరికి ఎక్కడ జాగ అని తేలేది ఆ కమిటీలో. సంఘం లేనిచోట ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటరో ఊహించండి. ఒకచోట చూసిన, "మహిళా ప్రతినిధి" అని రాసి ఉన్నామె ఒక హోల్‌సేల్ వ్యాపారి భార్య. ఆమె జీవితంలో గంప ముందర కూర్చోలే.

2020లో లాక్‌డౌన్ తర్వాత వీధి వ్యాపారులకు కేంద్రం పెట్టిన పీఎం స్వనిధి పథకం కింద పది వేల లోను వచ్చినప్పుడు ఇంకో సంగతి తెలిసొచ్చింది. మున్సిపాలిటీ గుర్తింపు కార్డు లేనోళ్ళు సిఫారసు లేఖ తెచ్చుకోవచ్చన్నరు, దానికి చూపించే ఆధారాల్లో వ్యాపారుల సంఘం సభ్యత్వం కూడా ఒకటి. నెలకు పది రూపాయల చందా రసీదులు చింపి పారేసినోళ్ళు ఆ వారం ఇల్లంతా ఎతికిన్రు. దాచుకున్నోళ్ళకు పని సులువైంది. పని ఉన్నదని రుజువు లేకపోవుడే మన ఆడవాళ్ళ పెద్ద కష్టం. ఇరవై ఏండ్లు అదే చెట్టు కింద అమ్మిన మనిషికి "నువ్వు ఇక్కడ అమ్ముతున్నట్టు ఏం ఆధారం" అనే ప్రశ్న ఎదురైతది.

రిజిస్ట్రేషన్ చేయాల్నా అంటే, చేస్తే మంచిదే, మొదటి నెలలోనే అక్కర్లే. ట్రేడ్ యూనియన్‌గా దరఖాస్తు పెట్టాలంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలె, ఆ పనిలో ఉన్నోళ్ళలో నూటికి పది మందో లేకపోతే వంద మందో, రెండిట్లో ఏది తక్కువైతే అంత, సభ్యులై ఉండాలె. పాత 1926 చట్టంలోనూ అట్లనే ఉండె, ఇప్పటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అట్లనే ఉన్నది. "మాకు యజమాని లేడు గదా, యూనియన్ ఎట్లైతది" అని మీ అమ్మోళ్ళు అడుగుతరు. 1972లో అహ్మదాబాద్‌లో ఇలా భట్ అనే ఆమె, సొంతంగ పని చేసుకునే ఆడవాళ్ళ "సేవ" సంఘాన్ని రిజిస్టర్ చేయిస్తానంటే అక్కడి కార్మిక శాఖ కూడా అదే అడ్డం చెప్పింది, యజమాని లేకుంటే ఎవరి మీద కొట్లాడతరని. పని చేసేటోళ్ళు ఒక్కటి కావడానికి సంఘం గానీ ఎవరో ఒకరి మీద పడడానికే కాదని వాదించి ఆమె రిజిస్టర్ చేయించుకున్నది. రెండేండ్లకు, 1974లో, నాలుగు వేల మంది ఆడవాళ్ళు తలా పది రూపాయల వాటాతో సొంత బ్యాంకు పెట్టుకున్నరు. మనం ఆ స్థాయికి పోవాలని చెప్తలేను, దారి ఉన్నదని చెప్తున్న.

కూలి పనిలో ఇది వేరే తీరుగ నడుస్తది. ఆ అనుభవం మీకెందుకంటే, సంఘం ఎక్కడ ఫలిస్తదో ఎక్కడ ఫలించదో నేను అక్కడే నేర్చుకున్న.

కనగల్ దిక్కు ఒక ఊర్లో పత్తి ఏరే ఆడవాళ్ళు పద్నాలుగు మంది. కిలోకు ఇంత అని లెక్క. తూకం రైతు కాంటా మీద. "పొద్దంత ఏరితే ముప్పై కిలోలే చూపిస్తడు" అని రోజూ గొణుగుడే. కూలి పెంచమని అడుగుదాం అన్నరు కొందరు. నేను వద్దన్న, ముందు తూకం చూద్దామన్న. తలా ఇన్ని రూపాయలేసుకుని వేలాడదీసే డిజిటల్ కాంటా ఒకటి కొన్నరు. మొదటి రోజు రైతు మొఖం మాడ్చుకుండు. "అంటే నేను దొంగనా?" అన్నడు. పెద్దామె ఒకామె అన్నది, "నువ్వు దొంగవని ఎవడన్నడు బిడ్డ, నీ కాంటా ముసల్ది అయ్యింది, నా లెక్కనే." అందరు నవ్విన్రు. రెండు కాంటాల మీద తూచినం. తేడా మూటకు కిలో కిలోన్నర. వాళ్ళనుకున్నంత మోసం లేదు, రైతు చెప్పినంత నిజాయితీ కూడా లేదు. ఆ రోజు నుంచి ఎవరి కిలోలు వాళ్ళ ముందరనే నోటుబుక్‌లో రాసుడు మొదలైంది. దసరా తర్వాత పైసల లెక్కలో గొడవ రాలే, అంతకుముందు ప్రతి ఏడు వచ్చేది.

ఇక్కడొక మాట చెప్పాలె. ఆ రైతు కౌలు రైతు. గులాబీ పురుగు తిన్న చేను. ఆయన్ని శత్రువును చేసి రేటు రెండింతలు గుంజితే మరుసటేడు ఆ చేనులో పత్తే ఉండదు. ఎదుటివాడు ఎవడో చూసుకుని అడగాలె. అందుకే అక్కడ రేటు మీద పోకుండ, తూకం మీద, పైసలిచ్చే తారీఖు మీద పోయినం. ఆ రెండూ ఇయ్యడానికి ఆయన జేబుకు బరువు కాలే.

ఓడిపోయింది కూడా చెప్త. మిర్యాలగూడ దిక్కు, సాగర్ ఎడమ కాల్వ కింద. నాట్లు గుత్తకు పట్టుడు మీకు తెలిసే ఉంటది, ఎకరాకు ఇంత అని మాట్లాడుకుని పన్నెండు పదిహేను మంది గుంపు దిగుతది, వచ్చింది సమానంగ పంచుకుంటరు. ఎవరూ నేర్పకుండ మన ఆడవాళ్ళు కట్టుకున్న సంఘం అది. నాలుగైదు ఊర్ల గుంపులను కలిపి ఎకరాకు ఒకే రేటు కట్టించినం, ఏ గుంపూ అంతకు తక్కువకు దిగొద్దని. రెండు సీజన్లు బ్రహ్మాండంగ నడిచింది. తర్వాత బీహార్ నుంచి మగోళ్ళ గుంపులు వచ్చినయి. ఎకరాకు వెయ్యి తక్కువ, పొద్దూకే దాకా ఆగకుండ వేస్తరు, చేను దగ్గరనే పండుకుంటరు. మా రేటు నిలబడలే. ఒక గుంపు చెప్పకుండ తగ్గించి పోయింది, ఇంకో గుంపు వాళ్ళతో మాట్లాడుడు బందుపెట్టింది. ఒకే బావి కాడ నీళ్ళు చేదుకునే ఆడవాళ్ళు ఏడాది పాటు మాట్లాడుకోలే. ఎదుటివాడికి వేరే దారి దొరికినప్పుడు ఒట్టి రేటు కట్టుబాటు నిలవదు. బీహారోళ్ళను తిట్టినోళ్ళు మాలో చాలామంది. నేను తిట్టలేకపోయిన. పాలమూరు లేబర్ బొంబాయికి, పూణేకు పోయి అక్కడోళ్ళ రేటుకు తక్కువకు తట్టలు మోసినప్పుడు అక్కడోళ్ళు మనల్నీ అట్లనే అన్నరు.

మీ అమ్మ బజారుకు ఈ పాఠం ఎట్ల పనికొస్తదంటే, కూరగాయల ధర అందరూ ఒక్కటే పెట్టాలని సంఘంలో తీర్మానం చేయకండి. పక్క సందులో బండోడు రెండు రూపాయలు తగ్గిస్తడు, గిరాకి అటు పోతది, మీలో మీకు పంచాయితీ మిగులుతది. జాగ, తైబజారు రసీదు, జప్తు, నీళ్ళు, మూత్రశాల, ఇవి పట్టుకోండి. వీటి కోసం మీతో పోటీ పడేటోడు ఎవడూ లేడు.

మూత్రశాల అని ఊరికె అనలే. పొద్దుగాల ఐదు నుంచి రాత్రి తొమ్మిది దాకా కూర్చునే మనిషి మంచినీళ్ళు తాగుడు బందుపెట్టుకుంటది. వాళ్ళలో చాలామందికి మూత్రంలో మంట ఉంటది, ఎవరికీ చెప్పరు. ఒక పట్టణంలో మేం నాలుగేండ్లు తిరిగి సాధించిన వాటిలో ఆడవాళ్ళు ఎక్కువ గుర్తుచేసుకునేది ఆ రెండు గదులనే. లోన్లు గుర్తులేవు.

ప్రయాణం కూడా అట్లాంటిదే. 2018 ఏప్రిల్‌లో పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర మిర్చి ఏరబోతున్న కూలీల ట్రాక్టర్ సాగునీళ్ళు పారే ఏఎంఆర్పీ కాల్వలో పడింది. తొమ్మిది మంది పోయిన్రు, ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆ తర్వాత మేం పని చేసే ఊర్లలో కొన్ని గుంపులు ఒక్కటే షరతు పెట్టినయి, ఆటోలో ఇంతమందికి మించి ఎక్కం, రెండో ట్రిప్పు డీజిల్ మీదే అని. కూలి పది రూపాయలు తగ్గినా ఒప్పుకున్నరు. ఒక్క మనిషి ఈ షరతు పెడితే మేస్త్రి "నువ్వు దిగు" అంటడు.

వేధింపుల సంగతి ఒక్క మాటలో. పని కాడ ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపులను ఆపే 2013 చట్టం కింద జిల్లాకొక స్థానిక కమిటీ ఉండాలె, ఇండ్లలో పనిచేసేటోళ్ళు, కూలీలు, బజారోళ్ళు దానికి ఫిర్యాదు చేయొచ్చు, జరిగిన మూడు నెలల లోపల. ఒంటరిగ పోయినామెను నేను ఇంతవరకు చూడలే. పోయినోళ్ళంతా వెంట నలుగురితో పోయినోళ్ళే.

ఇక సంఘాలు ఎక్కడ పగులుతయంటే, నేను చూసినంతలో రేటు మీద తక్కువ, పైసల పెట్టె మీద ఎక్కువ. ఒక సంఘంలో చందా డబ్బులు అధ్యక్షురాలి దగ్గర ఉండె. మంచి మనిషే. కొడుకుకు యాక్సిడెంట్ అయితే ఆ పైసలు వాడింది, మళ్ళా పెడతా అనుకున్నది. పెట్టలేకపోయింది. ఆరు వేల ఎనిమిది వందలు. దొంగ అన్నరు, ఆమె బజారే మానేసింది, సంఘం పోయింది. పెట్టె ఆమె ఇంట్లో ఉంచింది మేమే గదా. బ్యాంకు ఖాతా, ఇద్దరి దస్కత్తు, నెలకోసారి అందరి ముందర లెక్క చదువుడు, ఇవి ఉండి ఉంటే ఆమె ఇప్పటికీ అక్కడ మిరపకాయలు అమ్ముతుండేది. ఇంకోటి, సంఘం చందాలోంచి అప్పులియ్యకండి. అప్పులకు పొదుపు గ్రూపు ఉన్నది. రెండూ కలిస్తే కట్టనామె మీటింగుకు రాదు, మీటింగుకు రానామె ట్రాక్టర్ వచ్చిననాడు కూడా రాదు.

టైము ఇంకో సమస్య. సాయంత్రం ఆరుకు మీటింగు పెట్టిన పెద్దమనుషులను చూసిన, అది గిరాకి టైము. రాత్రి తొమ్మిదికి పెడితే ఇంట్లో వంట, మొగుడి అరుపు. బజారోళ్ళకు మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర, గిరాకి పల్చబడ్డప్పుడు, వాళ్ళు కూర్చున్న జాగలోనే. హాలు వద్దు, కుర్చీలు వద్దు.

కులం మాట దాటేసి పోలేను. మా వరుసల్లో అన్ని కులాలోళ్ళు, తండాల నుంచి వచ్చేటోళ్ళు ఉంటరు. ట్రాక్టర్ అందరి గంపలూ ఎత్తుకపోతది, కానీ చాయ్ కాడ గిలాసలు వేరయితయి. దస్కత్తులు పెట్టేటప్పుడు తండా ఆడవాళ్ళ పేర్లు అడుగున పడుతయి, మాట్లాడేటప్పుడు వాళ్ళ వంతు రాదు. మీటింగు నడిపే పని నెలకొకరికి తిప్పండి. మొదట్లో తడబడతరు, తడబడనీయండి.

మీ అమ్మోళ్ళు చేయాల్సింది నా లెక్కన ఇంతే. ఒక రెండు నెలలు ఎవరికీ ఏం కట్టకుండ, ఒక వంద పేజీల నోటుబుక్ కొని వరుసలో ఉన్నోళ్ళ పేర్లు, ఎన్నేండ్ల నుంచి కూర్చుంటున్నరు, రోజుకు తైబజారు ఎంత ఇస్తున్నరు, రసీదు ఇచ్చిండా లేదా, ఎప్పుడు ఎవరు లేపిన్రు, తారీఖుతోని రాయండి. మీరు చదువుకున్నరు కాబట్టి రాసే పని మీది. మాట్లాడే పని మాత్రం మీరు తీసుకోకండి, అమ్మోళ్ళే మాట్లాడాలె. రెండు నెలలకు ఆ పుస్తకంలో ఏ కష్టం ఎక్కువసార్లు కనిపిస్తదో అదే మీ మొదటి డిమాండు. నెలకు పదో ఇరవయ్యో చందా పెట్టుకోండి, రసీదు తప్పకుండ. మున్సిపాలిటీకి పోయి వీధి వ్యాపారుల సర్వే జాబితాలో ఎవరి పేర్లున్నయో, కమిటీలో వ్యాపారుల తరఫున ఎవరున్నరో అడిగి రాసుకోండి, చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి.

ఐదువందలాయన మళ్ళా వస్తే, ఇంతకుముందు ఆయన పెట్టించిన సంఘం ఏదన్న ఉంటే దాని తీర్మానాల పుస్తకం, లెక్కల పుస్తకం తెమ్మనండి. ఆ సంఘంలోని ఆడమనిషితో అమ్మను ఫోన్లో మాట్లాడించండి, ఆయన పక్కన లేనప్పుడు. రెండూ సరిగ్గ ఉంటే రిజిస్ట్రేషన్ పనికి ఆయన సాయం తీసుకోవచ్చు, పైసలు మాత్రం సంఘం ఖాతాలోంచి, రసీదుతో.

ఒక సంగతి మీరు రాయలే. అమ్మోళ్ళు కూర్చునేది రోడ్డు మీదనా, మార్కెట్ షెడ్డు లోపల గద్దెకు కిరాయి కట్టా? లోపలైతే అది మున్సిపాలిటీతో కిరాయి ఒప్పందం లెక్క, నేను పైన చెప్పిన నోటీసు, జప్తు రూల్సు అట్లనే వర్తించవు. రెండిట్లో ఏదైందీ చెప్తే దాన్నిబట్టి మిగతాది రాస్త.